దివిటీ పట్టిన చేయి: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు అడిగిన ప్రశ్నకు ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం. “ఒకరు నామం పెట్టుకుంటారు, ఒకరు విభూతి రాసుకుంటారు, ఇంకొకరు పోచమ్మకు బోనం ఎత్తుతారు. కులాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత తేడా ఉన్నవాళ్లమంతా హిందువులమని చెప్పుకుంటున్నామే, మనకు ఉమ్మడిగా ఉన్నది ఏమిటి?” అన్నారు. మంచి ప్రశ్న. పెద్దవాళ్లలో చాలామంది అడగడం మానేసిన ప్రశ్న.

మీరు బడిలో నేర్చుకున్న పోతన పద్యంతోనే మొదలుపెడతాను.

చేతులారంగ శివుని పూజింపడేని
నోరు నొవ్వంగ హరికీర్తి నుడువడేని
దయయు సత్యంబు లోనుగా దలపడేని
కలుగనేటికి తల్లుల కడుపుచేటు

మొదటి పాదంలో శివుడు, రెండో పాదంలో హరి. పక్కపక్కనే ఇద్దరినీ నిలబెట్టిన పోతన శైవుల ఇంట పుట్టినవాడు. భాగవతం మొదట్లో తన సంగతి తానే చెప్పుకున్నాడు: చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద కూర్చుని మహేశ్వరుణ్ని ధ్యానిస్తుంటే ఎదుట రాముడు కనిపించాడట. శివుణ్ని తలిస్తే రాముడు వచ్చాడేమిటని ఆయన తగవు పెట్టుకోలేదు. ఆ రాముడి మాట తలదాల్చి కృష్ణుడి కథ రాశాడు. అంతకు ముందే, పదమూడో శతాబ్దంలో, శైవ వైష్ణవాల మధ్య వైరం ముదిరిన రోజుల్లో, తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఇద్దరు దేవుళ్ల పేర ఊళ్లు చీలిపోతుంటే, ఇద్దరూ ఒకే రూపంలో ఉన్న స్వామిని చూపించాడు.

కానీ ఆ పద్యంలో నేను ఎక్కువసేపు ఆగేది మూడో పాదం దగ్గర. దయ, సత్యం. పూజ ఎవరికి, ఏ పద్ధతిలో అన్నదాంట్లో మనకు కావలసినంత స్వేచ్ఛ ఉంది. ఈ రెండిటి విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. ఏ సంప్రదాయంలోకి వెళ్లినా, ఏ గురువును అడిగినా చివరకు ఇక్కడికే వస్తారు. ఇవి ఎందుకు తప్పనిసరి అంటే, నీలో ఉన్నవాడే ఎదుటివాడిలోనూ ఉన్నాడన్నది మన నమ్మకం కాబట్టి. ఈ స్తంభంలో ఉన్నాడా అని తండ్రి అడిగినప్పుడు ప్రహ్లాదుడు చెప్పింది అదే. గీత అయిదో అధ్యాయంలో కృష్ణుడు ఇంకా సూటిగా చెప్పాడు: విద్యా వినయమూ ఉన్న బ్రాహ్మణుడిని, ఆవును, ఏనుగును, కుక్కను, కుక్కమాంసం వండుకు తినేవాడిని పండితులు సమంగానే చూస్తారు. పండితుడని ఎవరిని అనాలో తేల్చే కొలత ఇది. సమంగా చూడలేనివాడు ఎన్ని గ్రంథాలు చదివినా ఆ మాటకు తగడు.

మన గుళ్లలోనే ఈ సమదృష్టికి గుర్తులు ఉన్నాయి, గమనించి చూస్తే. తిరుమలలో ప్రతి తెల్లవారుజామునా బంగారు వాకిలి తెరిచేటప్పుడు సన్నిధి గొల్ల దివిటీ పట్టుకుని ముందు నడుస్తాడు. అర్చకులు ఆయన వెనక లోపలికి వెళతారు. ఆ రోజుకు స్వామి తొలి దర్శనం ఆ యాదవుడిదే. అహోబిలంలో కనుమ నాడు నరసింహస్వామి పారువేట అనే వేట ఉత్సవానికి బయలుదేరతాడు. పల్లకిలో నెలకు పైగా ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కదా, తన బ్రహ్మోత్సవానికి చెంచులను, ఆ చుట్టుపక్కల జనాన్ని తానే వచ్చి పిలుస్తాడని అక్కడివాళ్ల నమ్మకం. భక్తుడు గుడికి రావడమే మనకు తెలుసు. ఇక్కడ దేవుడే గడప దిగి ఆహ్వానించడానికి వెళుతున్నాడు. శ్రీశైలం అడవుల్లో మల్లికార్జునుడు చెంచు మల్లయ్య, వాళ్లింటి అల్లుడు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహాలు లేవు, పూజారులు కోయలు, బెల్లమే బంగారం. రెండేళ్లకొకసారి లక్షల జనం ఆ గద్దెల ముందు తల వంచుతారు. అందుకే గ్రామదేవతల పూజను చిన్నచూపు చూసి, ‘అది అసలైన పద్ధతి కాదు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అందరి పూజనూ ఒకే మూసలో పోయాలనుకోవడం ఐకమత్యం కాదు, పెత్తనం.

ఇంతవరకూ చెప్పింది మనం గర్వించదగిన సంగతి. బాధపడవలసిన సంగతి కూడా మీకు చెప్పాలి. ఇన్ని గుర్తులు పెట్టుకుని కూడా మనవాళ్లను మనమే వందల ఏళ్లు గుడి బయట నిలబెట్టాం. కేరళలోని వైక్కంలో గుడి లోపలికి కాదు, గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడవడానికి 1924లో సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. వైక్కం ఉన్న తిరువాన్కూరు రాజ్యంలో అన్ని కులాల హిందువులకూ ఆలయ ప్రవేశం దొరికింది 1936 నవంబరు 12న. అంతకు చాలా ముందు, 1888లోనే, అంటరానివాళ్లుగా చూసిన ఈళవ కులంలో పుట్టిన నారాయణ గురువు కేరళలోని అరువిప్పురంలో తానే శివుణ్ని ప్రతిష్ఠించాడు. ప్రతిష్ఠ చేసే అధికారం నీకెక్కడిదని అడుగుతున్న కాలంలో, జాతిభేదం, మతద్వేషం లేకుండా అందరూ సోదరులుగా బతికే చోటు ఇది అని అక్కడ రాయించాడు. రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి ఇన్నేళ్లయినా, ఫలానా ఊళ్లో ఫలానా వాడవాళ్లను గుడి మెట్ల దగ్గర ఆపారనే వార్త మనం ఇంకా చదువుతూనే ఉన్నాం. ఆ వార్త చదివిన రోజున మనకు కోపం రాకపోతే, ఐకమత్యం గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

శ్రీరంగం కథ ఒకటి చెబుతాను. తిరుప్పాణ్ ఆళ్వారు అంటరాని కులంగా చూసిన పాణర్లలో పెరిగాడు. కావేరి ఒడ్డున నిలబడి దూరం నుంచే రంగనాథుణ్ని పాడుతూ ఉండేవాడు. ఒకనాడు స్వామికి తీర్థం తీసుకువెళ్లడానికి వచ్చిన లోకసారంగ ముని తప్పుకోమని కేకవేశాడు. పాటలో మునిగిపోయిన ఆయనకు వినబడలేదు. ముని రాయి విసిరాడు. తిరిగి గుడికి వెళ్లేసరికి రక్తం కారుతున్నది స్వామి నుదుటి నుంచి. ఆ భక్తుణ్ని నీ భుజాల మీద మోసి తీసుకురా అని స్వామి ఆజ్ఞ. ముని మోశాడు. విష్ణువును పాడిన పన్నెండుమంది భక్తకవులైన ఆళ్వార్లలో ఆ పాణర్ భక్తుడూ ఒకడయ్యాడు. 2018లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్లారు. ముని వాహనమై భక్తుణ్ని మోసిన ఆ పాత కథను గుర్తుచేస్తూ దానికి మునివాహన సేవ అని పేరు. ఆ వార్త చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మన ఇంటి వైద్యం మన ఇంట్లోనే ఉందని తెలిసింది.

ఇంకొక మాట కూడా ఉంది. హిందువులు ఏకం కావాలి అంటూ, ఆ వెంటనే ఇంకొక మతంవాళ్లను తిట్టేవాళ్లు మీకు తారసపడతారు. వాళ్లు చెప్పే ఐకమత్యం నాకు వద్దు, మీరూ తీసుకోకండి. తనకు ఇష్టమైన భక్తుడి లక్షణాలు చెబుతూ కృష్ణుడు పన్నెండో అధ్యాయంలో మొట్టమొదట అన్నది ‘అద్వేష్టా సర్వభూతానాం’. ఏ ప్రాణినీ ద్వేషించనివాడు. ఆ తర్వాతే మిగిలినవన్నీ. కోపంతో పోగైన గుంపు కోపం చల్లారగానే విడిపోతుంది, లేదా తనలోనే కొత్త శత్రువును వెతుక్కుంటుంది. ఋగ్వేదం చిట్టచివరి సూక్తం కలిసి నడవండి, కలిసి మాట్లాడండి, మీ హృదయాలు ఒకటిగా ఉండాలి అంటుంది. ఎవరి మీదికి నడవాలో అక్కడ లేదు.

మీ వయసుకు పెద్ద పెద్ద పనులేమీ అక్కర్లేదు. స్నేహితుల కులం అడగకండి. ఎవరైనా మిమ్మల్ని అడిగితే, ఎందుకు అవసరమో చెప్పమనండి. మీ ఇంట్లో లేని ఆచారం పక్కింట్లో ఉంటే వెళ్లి కూర్చుని చూడండి, వాళ్ల పాట ఒకటి నేర్చుకోండి. అన్నదానంలో ఎవరి పక్కన చోటు ఉంటే అక్కడే కూర్చోండి. ఈసారి మీ వీధిలో వినాయకుడి పందిరి వేసేటప్పుడు చందాల పుస్తకం ఒకసారి తిరగేయండి. ఏ వాడ పేర్లు అందులో లేవో చూసి, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ ఇళ్లకు వెళ్లి పిలవండి. చందా ఇమ్మని కాదు, పూజలో పీటల మీద కూర్చోమని.

మీ తాతయ్య