అడుసు తొక్కితేనే అన్నం

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటాం. వరి మడిలో మాత్రం అడుసు తొక్కందే నాటు పడదు.

తడిసిన మన్నుకు మన దగ్గర పేర్లకు కొదవ లేదు. పిడికిట్లో పిసికితే ముద్దై, వేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోయేది పదునైన నేల. దుక్కికీ విత్తుకీ అదే అదను. వాన పడ్డ బాటలో ఉండేది బురద. మురుగూ పశువుల మూత్రమూ కలిస్తే రొచ్చు. వరద తెచ్చి పరిచేది ఒండ్రు. ఇక మడిలోనూ గోడ పనిలోనూ అడుసు అంటే నీళ్లు పెట్టి, తొక్కి మెత్తబరచిన మన్ను.

తొక్కడంలోనే కిటుకుంది. మామూలు నేలలో మట్టి రేణువులు కణికలుగా అతుక్కుని ఉంటాయి. వాటి మధ్య సందుల్లోంచి నీరు ఇంకిపోతుంది. నీళ్లలో దమ్ము చేస్తే, అంటే నీళ్లు పెట్టిన మడిని దున్ని తొక్కితే, కణికలు చితికి, 0.002 మి.మీ. కన్నా సన్నని బంకమన్ను రేణువులు నిదానంగా పేరుకుని ఆ సందులను పూడ్చేస్తాయి. ఏటేటా నాగలీ చక్రాలూ ఒత్తడంతో సుమారు 15–20 సెం.మీ. లోతున గట్టి పొర ఏర్పడుతుంది. అందుకే కట్టిన నీరు నిలుస్తుంది. గాలి అందక చాలా రకాల కలుపు మొలవదు. వరికి ఆ చిక్కు లేదు, ఆకుల నుంచి వేళ్ల దాకా గాలి గదులున్నాయి.

రేగడిలో దమ్ము కాగానే నాటితే మొక్క దిగబడుతుంది. ఒకటి రెండు రోజులు అడుసు పేరుకోనిచ్చి, 2–3 సెం.మీ. లోతులోనే నాటాలి. లోతు పెరిగితే పిలకలు తగ్గుతాయి. ఇసుక నేలలో ఆలస్యం పనికిరాదు, మడి త్వరగా బిగుసుకుంటుంది. పచ్చి గడ్డిని దున్నిన వెంటనే నాటడం ఇంకా పెద్ద పొరపాటు. గడ్డి కుళ్లించే సూక్ష్మజీవులు నత్రజనిని తామే వాడుకుంటాయి, ఆమ్లాలు వెలువడి లేత వేళ్లు దెబ్బతింటాయి, నారు పసుపు రంగుకు తిరుగుతుంది. కనీసం రెండు మూడు వారాల ముందే కలియదున్నాలి.

చితికిన కణికలకు మూల్యం కోత తర్వాత కనిపిస్తుంది. ఆరిన మడి నెర్రెలిస్తుంది, దున్నితే పెడ్డలు లేస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుము చల్లేది అందుకే: దున్నే పని లేకుండా, మిగిలిన తడితోనే మొలుస్తుంది.

మట్టి గోడకూ ఈ నెర్రెలే శత్రువు. బంక ఎక్కువైన అడుసులో ఇసుకా తరిగిన గడ్డీ కలిపి, తొక్కి, కొన్ని రోజులు నాననివ్వాలి. గోడ ఒక్కో వరస బిగిశాకే పై వరస వేయాలి. ముందుగా చిన్న ముద్దను నీడలో ఆరబెట్టి చూడండి. పగిలితే ఇసుక ఇంకాస్త పెంచాలి, వేలితో రాస్తే పొడి రాలితే బంకమన్ను పెంచాలి.