పాత ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, సస్పెన్షన్ పని: అపోహలు - వాస్తవాలు

పాత స్విఫ్ట్, జెన్, ఐ10, ఫిగో, ఇలా ఇంజిన్ ముందు చక్రాల్నే తిప్పే ఏ బండి తెచ్చినా షెడ్డులోకి రాగానే అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, మలుపుల్లో ఊగిపోతోంది, ఏం వేయిస్తే రోడ్డు పట్టుకుంటుంది?" అని. ఏం అరిగిందో చూడమని అడిగేవాళ్లు తక్కువ. 2005లో మన దగ్గరికి వచ్చిన మొదటి స్విఫ్ట్‌నే తీసుకోండి. ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన నిలువు కాళ్లు), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే అడ్డ దూలం), అంతా మామూలు ఏర్పాటే, అయినా మలుపులో అది ఎంత చక్కగా తిరిగేదో కొత్తలో నడిపినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ బండే ఇప్పుడు పడవలా ఊగుతోందంటే డిజైన్ ఏమీ మారలేదు కదా, బుష్‌లలో (కీళ్ల దగ్గరుండే రబ్బరు గొట్టాలు) రబ్బరు చచ్చిపోయింది, షాకబ్జర్లలో పస పోయింది, టైర్లు రాయిలా గట్టిపడ్డాయి. ముందు పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవాలి, కొత్తవి తగిలించే ఆలోచన ఆ తర్వాతే. నేను పని చేసే వరస అదే, కింద రాసినవన్నీ ఆ వరసకి అడ్డం వచ్చే మాటలు.

అపోహ: శబ్దం రావట్లేదు కాబట్టి బుష్‌లు బాగానే ఉన్నాయి.

లింక్ రాడ్ (ఒరుగుని ఆపే బార్ చివర ఉండే చిన్న కడ్డీ) పోతే చిన్న గతుకుల్లో టకటకమని చెప్పేస్తుంది. స్ట్రట్ మౌంట్ (స్ట్రట్‌ని పైన బాడీకి పట్టించే రబ్బరు ముక్క) పోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు స్ప్రింగ్ 'టంగ్' మంటుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) బుష్ అలా కాదు, లోపల రబ్బరు సగం చీలినా చాలాకాలం నోరెత్తదు. అది బయటపడేది బ్రేక్ వేసినప్పుడు. బ్రేక్ పడగానే ఆ పక్క చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, దాంతో టో, అంటే చక్రం లోపలికో బయటికో చూసే కోణం, మారుతుంది, బండి ఒక పక్కకి గుంజుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి యాక్సిలరేటర్ నొక్కితే అదే చక్రం ముందుకి జరిగి ఇంకో పక్కకి పోతుంది. నడిపేవాళ్లకి ఇదంతా "స్టీరింగ్ లూజు" అనిపిస్తుంది, రాక్ (స్టీరింగ్ తిప్పుని చక్రాలకి అందించే భాగం) మార్చేయమంటారు. రాక్‌కి అయ్యే ఖర్చులో చిన్న వంతుతో పోయే జబ్బు ఇది.

చూడటం కష్టమేమీ కాదు. బండిని లేపి స్టాండ్ల మీద పెట్టి, బుష్ పక్కన ఒక రాడ్ దూర్చి ఒత్తండి. బాగున్న బుష్ కొంచెం కదిలి, వదలగానే మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. పోయినదైతే చీలిక విచ్చుకుంటుంది, లోపల ఎండిన మట్టి కనిపిస్తుంది. మట్టి లోపలిదాకా వెళ్లిందంటే ఆ చీలిక నిన్న మొన్నటిది కాదని అర్థం.

మార్చేటప్పుడు చాలా షెడ్లలో జరిగే తప్పు ఒకటుంది, అది మటుకు దగ్గరుండి చూసుకోండి. బుష్‌లో రబ్బరు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా నిలిచిపోతుంది, అక్కడినుంచి ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మెలి తిరిగేది రబ్బరే. బండి లిఫ్ట్ మీద ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించేశారనుకోండి, బండి నేల మీదకి దిగగానే ఆ రబ్బరు మెలి తిరిగి, ఇక ఎప్పటికీ ఆ మెలికలోనే ఉంటుంది. కొన్ని నెలలకే చిరిగిపోతుంది, తిట్లు మాత్రం "లోకల్ పార్టు"కి పడతాయి. బోల్టులు ముందు చేత్తో ఎక్కించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక ర్యాంప్ మీదో గుంతలో దిగో అప్పుడు బిగించాలి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అందుకే చేయరు.

అపోహ: పాలీయురేథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్) బుష్‌లు వేస్తే జీవితాంతం చూడక్కర్లేదు.

స్టెబిలైజర్ బార్‌కి (యాంటీ రోల్ బార్ అన్నా ఇదే, బండి ఒరుగుని ఆపేది) వేసుకోండి, బాగుంటుంది. అన్ని చోట్లా వేస్తే క్యాబిన్‌లోకి గరగర వస్తుంది, గ్రీజు ఎండితే కిర్రుకిర్రుమంటుంది. వెనక టార్షన్ బీమ్ బుష్‌లో కంపెనీవాళ్లు కావాలనే కొంత మెత్తదనం ఉంచుతారు, దాన్ని గట్టిగా చేస్తే మీకొచ్చే లాభం కన్నా బాడీకొచ్చే దెబ్బ ఎక్కువ.

అపోహ: బానెట్ నొక్కి వదిలితే ఒక్కసారే లేచి ఆగింది, కాబట్టి షాకబ్జర్లు బాగున్నాయి.

పూర్తిగా చచ్చిపోయినవాటినే ఆ పరీక్ష పట్టుకుంటుంది. చేత్తో నొక్కితే రాడ్ కదిలే వేగం చాలా తక్కువ, రోడ్డు మీద గుంతలో చక్రం పడినప్పుడు కదిలే వేగం దానికి ఎన్నో రెట్లు. సగం బలం పోయిన షాకబ్జర్ కూడా బానెట్ పరీక్షలో పాసైపోతుంది. నేనైతే టైరు చూస్తాను. ట్రెడ్ మీద అరచెయ్యి ఆనించి చుట్టూ నిమరండి, అక్కడక్కడా మెట్లు మెట్లుగా తగిలితే చక్రం రోడ్డు మీద గెంతుతూ పోతోందన్నమాట. షాకబ్జర్ ఒంటి మీద సన్నటి నూనె తేమ ఉంటే కంగారు పడక్కర్లేదు, కారి కిందిదాకా దిగి దుమ్ము పట్టి ఉంటే అది అయిపోయినట్టే. మార్చేటప్పుడు కుడి ఎడమ రెండూ కలిపి మార్చాలి, వాటితోపాటే స్ట్రట్ మౌంటూ, బంప్ స్టాపూ (సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బరు దిమ్మ). కోసి నూనె పోసి వెల్డింగ్ చేసిన 'రీకండిషన్' షాకబ్జర్ల గురించి అడగకండి, చవక అన్న ఒక్క మాట తప్ప నేను చెప్పగలిగే మంచి ఏదీ లేదు.

అపోహ: స్ప్రింగుల మధ్య రబ్బర్ బఫర్లు పెడితే బండి లేస్తుంది, సస్పెన్షన్ కొత్తదైపోతుంది.

లేస్తుంది, అది నిజమే, అందుకే అంత అమ్ముడవుతాయి. రెండు చుట్ల మధ్య రబ్బరు ఇరికిస్తే ఆ చుట్టు దాదాపు పనిచేయడం మానేస్తుంది, మిగిలిన చుట్ల మీదే మొత్తం భారం పడుతుంది, స్ప్రింగ్ గట్టిపడుతుంది. గట్టిపడిన స్ప్రింగ్‌ని అదుపు చేయడానికి ఇంకా బలమైన షాకబ్జర్ కావాలి, మీ బండిలో ఉన్నదేమో అప్పటికే సగం చచ్చినది. పైగా రబ్బరు ఆగిన అంచు దగ్గరే స్ప్రింగ్ మీద ఒత్తిడి పోగవుతుంది, తుప్పు కూడా తోడైతే అక్కడే విరుగుతుంది. కుంగిపోయిన స్ప్రింగ్‌కి మందు కొత్త స్ప్రింగే.

అపోహ: బండిని కిందికి దించితే రోడ్డుకి అతుక్కుపోతుంది.

రేసు కార్లు చూసి వచ్చిన ఆశ ఇది. దించితే బరువు కేంద్రం కిందికి వస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ మెక్‌ఫెర్సన్ స్ట్రట్ బండికి ఒక చిక్కుంది. మామూలు ఎత్తులో లోయర్ ఆర్మ్ చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉంటుంది. బండిని బాగా దించితే అదే ఆర్మ్ తలకిందులై చక్రం వైపు పైకి లేస్తుంది, అప్పుడు రోల్ సెంటర్, అంటే బండి ఏ బిందువు చుట్టూ పక్కకి ఒరుగుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కన్నా చాలా ఎక్కువగా కిందికి పడిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరిగితే ఒరిగించే బలం కూడా పెరుగుతుంది. ఒరుగు తగ్గాలని దించితే, అదే ఒరుగుని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగ్ కావాల్సి వస్తుంది. టై రాడ్ (రాక్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) కోణం కూడా చెడి గతుకు వచ్చినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే కాస్త తిరుగుతుంది. మన స్పీడ్ బ్రేకర్ల మీద బంప్ స్టాప్ తగిలిన క్షణంలో ఆ పక్క గ్రిప్ ఎలా పోతుందో ఒకసారి వానలో చూస్తే చాలు.

గ్యాస్ కట్టర్‌తో స్ప్రింగ్ కోయించడం గురించైతే ఒక్క ముక్క: వద్దు. వేడికి ఉక్కు గుణం పాడవుతుంది, కోసిన చివర సీటులో సరిగ్గా కూర్చోదు. ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడు ఆ టెన్షన్ మీకే.

అపోహ: ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, కొత్త టైర్లు ముందే వేయాలి.

రెండే కొంటుంటే కొత్తవి వెనక వేయండి. ముందు టైర్లు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీస్తే బండి నెమ్మదిస్తూ మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి నీళ్ల మీద తేలితే మామూలు డ్రైవర్‌కి చేయడానికి ఏమీ మిగలదు, బండి బొంగరమే.

సైజు విషయంలో "ఇంకొంచెం వెడల్పు" జబ్బు అందరికీ ఉంటుంది. ఆ స్విఫ్ట్‌కి చిన్న వేరియంట్లలో 165/80 ఆర్14, జెడ్ఎక్స్ఐలో 185/70 ఆర్14 వచ్చేవి (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు). లెక్క కడితే మొదటిది సుమారు 620 మిల్లీమీటర్ల ఎత్తు, రెండోది 615. కాబట్టి చిన్న వేరియంట్ ఉన్నవాళ్లు రిమ్ వెడల్పు సరిపోతుందో లేదో చూసుకుని 185కి వెళ్తే మంచి మార్పే. అంతకు మించి వెడల్పు, బయటికి పొడుచుకొచ్చే ఆఫ్‌సెట్ ఉన్న అల్లాయ్‌లు వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, గతుకుల్లో చేతిలోంచి గుంజుకుంటుంది, బేరింగ్‌లు త్వరగా కూస్తాయి. వెడల్పు కన్నా ముందు వయసు చూడండి. టైరు పక్కన ఉండే కోడ్ చివర నాలుగంకెల్లో 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. గాడులు నిండుగా ఉన్నాయని పదేళ్ల టైరుతో తిరిగేవాళ్లున్నారు, తడి రోడ్డు మీద ఆ రబ్బరుకి పట్టు ఉండదు. గాలి తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్నంతే, చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. నైట్రోజన్ అడుగుతారు, మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది.

అపోహ: స్ట్రట్ బార్ (బానెట్ కింద రెండు స్ట్రట్ల పైకొసల్ని కలిపే కడ్డీ), లావు యాంటీ రోల్ బార్ వేస్తే మలుపులో గ్రిప్ పెరుగుతుంది.

మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకి ఎంత బరువు మారుతుందనేది ముఖ్యంగా బరువు కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మీ వేగం తేలుస్తాయి. బార్ ఒరుగుని తగ్గిస్తుంది, ఆ మార్పులో ముందు ఎంత వెనక ఎంత అన్న వాటాలని మారుస్తుంది, అంతే. ఇలాంటి బండికి 60 శాతం పైన బరువు ముందే ఉంటుంది, తిప్పేదీ లాగేదీ ఆ రెండు టైర్లే. అక్కడే ఇంకా లావు బార్ వేస్తే వాటి మీదే ఇంకా భారం వేసినట్టు, బండి మలుపు తీసుకోకుండా తిన్నగా పోతుంది. అరకు ఘాట్ ఎక్కుతూ హెయిర్‌పిన్‌లో లోపలి చక్రం తేలిపోయి ఊరికే తిరుగుతుంది.

సరే, వెనక వేద్దాం అంటారు తెలిసినవాళ్లు. అది పనిచేస్తుంది, ముక్కు బాగా తిరుగుతుంది. కానీ తిరుమల నుంచి దిగుతూ, రోడ్డు తడిగా ఉండి, మలుపు మధ్యలో భయపడి టక్కున కాలు తీశారనుకోండి, బరువంతా ముందుకి పోయి వెనక చక్రాలు తేలికై బయటికి జారతాయి. గట్టి వెనక బార్‌తో అది ఇంకా త్వరగా జరుగుతుంది. ఇంట్లో అందరూ నడిపే బండికి నేను వెనక బార్ వేయను. స్ట్రట్ బార్ సంగతంటారా, బాడీ గట్టిగా ఉన్న బండిలో తేడా చాలా కొంచెం. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ల బండ్లలో ముందు స్ట్రట్ టవర్ల (బాడీలో స్ట్రట్ పైకొస బిగించే చోటు) అంచుల్లో తుప్పు చూడండి, ఆ తుప్పు మీద బార్ బిగించి లాభం లేదు.

అపోహ: బండి పక్కకి లాగుతోంది, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిస్తే పోతుంది.

మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకి వాలి ఉంటాయి, కొంచెం ఎడమకి పోవడం సహజమే. అంతకు మించి లాగితే ముందు రెండు టైర్లని అటుదిటు మార్చి చూడండి, లాగే వైపు మారితే తప్పు టైరుది. బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలు), టై రాడ్ ఎండ్, బుష్ వీటిలో ఏది లూజుగా ఉన్నా మెషిన్ మీద చూపించిన ఆకుపచ్చ అంకెలు షెడ్డు గేటు దాటేసరికి మారిపోతాయి, అందుకే ఈ పని అన్నిటికన్నా చివర. ఈ బండ్లలో వెనక టో సరిచేసే ఏర్పాటు మామూలుగా ఉండదు. వెనక అంకెలు ఎర్రగా వస్తే ఎప్పుడో డివైడర్‌కో పేవ్‌మెంట్‌కో కొట్టి బీమ్ వంగి ఉంటుంది, ఎక్కువ చోట్ల దాన్ని వదిలేసి ముందు మాత్రం సరిచేసి స్టీరింగ్ తిన్నగా పెట్టి పంపేస్తారు. షీట్ అడిగి తీసుకోండి, సరిచేయక ముందు రీడింగూ తర్వాత రీడింగూ నాలుగు చక్రాలవీ ఉండాలి.