లింక్ నొక్కితే ఏ బ్రౌజర్ తెరుచుకోవాలో తేల్చేది ఎవరు?

టెలిగ్రామ్‌లో వచ్చిన లింకో, పీడీఎఫ్‌లో ఉన్న లింకో నొక్కుతాం, ఫైర్‌ఫాక్సో క్రోమో టక్కున తెరుచుకుంటుంది. ఆ బ్రౌజర్‌ని ఎంచుకున్నది టెలిగ్రామే అనిపిస్తుంది గానీ, మామూలుగా దానికి ఆ సంగతే పట్టదు. "ఇదిగో అడ్రస్, తెరువు" అని ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పజెప్పేసి ఊరుకుంటుంది. సిస్టమ్ చూసేది అడ్రస్‌లో కోలన్‌కి ముందున్న ముక్క: హెచ్‌టీటీపీఎస్ అయితే బ్రౌజర్‌కి, మెయిల్‌టు అయితే మెయిల్ ప్రోగ్రామ్‌కి. దేనికి ఏదన్నది ముందే ఒకచోట రాసి ఉంటుంది. గొడవంతా ఆ రాత ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే.

లైనక్స్‌లో ఆ రాత మన కళ్లెదుటే ఉంటుంది. హోమ్ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫిగ్ అనే ఫోల్డర్, అందులో మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్. హెచ్‌టీటీపీఎస్ ఉన్న లైన్ చివర ఫైర్‌ఫాక్స్ డాట్ డెస్క్‌టాప్ అని ఉంటే ఫైర్‌ఫాక్స్ వస్తుంది, అక్కడ పేరు మారిస్తే బ్రౌజర్ మారుతుంది, అంతే. చాలా యాప్‌లు ఎక్స్‌డీజీ-ఓపెన్ అనే షెల్ స్క్రిప్ట్‌ని పిలుస్తాయి, అది మనం వాడే డెస్క్‌టాప్ గ్నోమా, కేడీఈనా చూసి వాటి సొంత టూల్‌కి పని అందిస్తుంది. చిక్కేమిటంటే కొన్ని ప్రోగ్రాములు ఇదేదీ చూడకుండా బ్రౌజర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని (ప్రోగ్రాములు చదువుకునే ఒక సెట్టింగ్ అన్నమాట) నమ్ముకుంటాయి, డెబియన్ అనే లైనక్స్ రకంలో అయితే ఎక్స్-డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-బ్రౌజర్ అని ఇంకో ఏర్పాటు విడిగా ఉంది. సెట్టింగ్స్‌లో ఒకటి పెట్టినా ఏదో ఒక యాప్ మొండిగా వేరేది తెరుస్తుంటే ముందు ఈ రెండూ చూడండి.

మ్యాక్‌లో ఈ పని లాంచ్ సర్వీసెస్ అనే సిస్టమ్ భాగానిది. బ్రౌజర్ తనని డిఫాల్ట్‌గా పెట్టమని కోరితే, సిస్టమ్ మనల్ని అడిగాకే మారుస్తుంది.

విండోస్ కథ వేరు. సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, యూజర్‌ఛాయిస్ అనే చోట బ్రౌజర్ పేరుతో పాటు ఒక హ్యాష్, అంటే లెక్కగట్టి వేసిన ముద్రలాంటి కోడ్, కూడా ఉంటుంది, విండోస్ 8 నుంచీ ఇదే పద్ధతి. పేరు మార్చి హ్యాష్ సరిపోకపోతే విండోస్ ఆ మార్పుని లెక్కలోకి తీసుకోదు. దొంగచాటుగా డిఫాల్ట్ మార్చేసే ప్రోగ్రాముల్ని ఆపడానికి ఇది మంచి పద్ధతే, నాకు అభ్యంతరం లేదు. కానీ తాళం పెట్టినవాళ్ల దగ్గరా ఒక బ్రౌజర్ ఉంది కదా! 2015లో విండోస్ 10కి మారేటప్పుడు జనం అంతకుముందు ఎంచుకున్న బ్రౌజర్ పోయి మైక్రోసాఫ్ట్ సొంత బ్రౌజర్ ఎడ్జ్ వచ్చి కూర్చుంటోందని, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అధిపతి క్రిస్ బియర్డ్ సత్య నాదెళ్లకి బహిరంగ లేఖ రాశారు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడైతే హెచ్‌టీటీపీకి ఒకసారి, హెచ్‌టీటీపీఎస్‌కి ఇంకోసారి, హెచ్‌టీఎంఎల్ ఫైళ్లకి మళ్లీ విడిగా బ్రౌజర్ పెట్టుకోవాల్సి వచ్చింది. విమర్శలు గట్టిగా వచ్చాక, 2022లో ఒకే బటన్ ఇచ్చారు.

అయినా విడ్జెట్లలో, స్టార్ట్ మెనూ వెతుకులాటలో వచ్చే లింకులు మైక్రోసాఫ్ట్-ఎడ్జ్ అనే సొంత ముక్కతో మొదలవుతాయి కాబట్టి మన డిఫాల్ట్ ఏదైనా అవి ఎడ్జ్‌లోకే పోతాయి. వాటిని మనకి నచ్చిన బ్రౌజర్‌కి మళ్లించే ఎడ్జ్‌డిఫ్లెక్టర్ అనే చిన్న టూల్ ఉండేది, 2021 చివర్లో దాని దారీ మూసేశారు. తర్వాత యూరప్‌లో డిజిటల్ మార్కెట్ల చట్టం వచ్చి ఒత్తిడి పెడితే, ఆ లింకులు కూడా వాడేవాళ్లు ఎంచుకున్న బ్రౌజర్‌లోనే తెరుచుకునేలా మార్చారు. ఆ మార్పు యూరప్ ఆర్థిక ప్రాంతంలోని కంప్యూటర్ల కోసమే చేశారు, మన దేశాన్ని అందులో చేర్చలేదు. సాంకేతికంగా అడ్డేమీ లేదని దీంతోనే తేలిపోయింది కాబట్టి, మనమూ గట్టిగా అడగాల్సిందే.