పళ్ల డాక్టర్ల రిజిస్టర్‌లో ‘బి’ భాగం ఎందుకొచ్చింది?

బస్టాండు పక్కన గుడ్డ పరిచి, కట్టుడు పళ్ల సెట్లు పేర్చుకుని కూర్చునేవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తారు. నకిలీ డెంటల్ క్లినిక్‌ల మీద దాడుల వార్త వచ్చినప్పుడల్లా అధికారుల నిర్లక్ష్యం అని తేల్చేస్తాం. కానీ డిగ్రీ లేనివాళ్లకు మొదట చోటిచ్చింది చట్టమే. అప్పట్లో అంతకంటే దారి లేదు కూడా.

దేశంలో మొదటి డెంటల్ కాలేజీని డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో పెట్టారు. అమెరికాలో చదివొచ్చిన మనిషి. ఈ వృత్తికో చట్టం కావాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ముందున్నారు. 1939లో బెంగాల్ తన చట్టం తెచ్చుకుంది. దేశం మొత్తానికి 1948 మార్చి 29న డెంటిస్ట్స్ యాక్ట్ వచ్చింది. అప్పటికి హైదరాబాద్ ఇంకా నిజాం చేతిలోనే ఉంది. మరుసటి ఏడాది ఈ చదువునూ వృత్తినీ పర్యవేక్షించే డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడింది.

చదువుకున్న దంతవైద్యులు అప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతా ఊళ్లలో పన్ను నొప్పి వస్తే తండ్రి దగ్గరో, గురువు దగ్గరో పని నేర్చుకున్నవాళ్లే దిక్కు. వాళ్లందరినీ ఒక్క రోజులో నేరస్థుల్ని చేస్తే జనం ఎక్కడికి పోవాలి? అందుకే ప్రాక్టీసు చేసేవాళ్ల పేర్లు నమోదు చేసే రిజిస్టర్‌ను రెండుగా చీల్చారు. గుర్తింపు ఉన్న డిగ్రీ ఉంటే ‘ఎ’ భాగం. డిగ్రీ లేకపోయినా, కనీసం అయిదేళ్లుగా ఇదే ప్రధాన జీవనాధారమైతే ‘బి’ భాగం. బ్రిటన్ కూడా 1921లో ఇలాగే అనుభవాన్ని బట్టి కొందరిని లోపలికి తీసుకుంది. రాష్ట్ర కౌన్సిళ్లకు ‘ఎ’ నుంచి నలుగురు, ‘బి’ నుంచి నలుగురు ఎన్నికయ్యేలా రాశారు. కేంద్ర కౌన్సిల్‌కు రాష్ట్రాల నుంచి దంతవైద్యుల్ని ఎన్నుకునే ఓటు మాత్రం ‘ఎ’ వాళ్లకే.

ఆ తలుపు ఒక్కసారి తెరిచి మూసేద్దామనుకున్నారు. చరిత్ర ఊరుకోలేదు. దేశ విభజనతో, ఆ తర్వాతి అల్లర్లతో తరలివచ్చినవాళ్లూ, బర్మా, శ్రీలంక, ఉగాండాల నుంచి తిరిగొచ్చిన భారతీయులూ పాత అనుభవం చూపించి ‘బి’లో చేరేలా 1972లో సవరణ చేశారు. విశాఖలో బర్మా క్యాంపు తెలిసినవాళ్లకు ఆ కాందిశీకుల పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక 1948 చట్టంలోని 49వ సెక్షన్ చదవాల్సిందే. రిజిస్టర్ కానివాళ్లు పళ్లకు వైద్యం చేయకూడదు. గార తీసి పాలిష్ చేయడం, కట్టుడు పళ్లు తయారు చేయడం కూడా కుదరదు. అయితే అత్యవసరమై, రిజిస్టరైన డెంటిస్టు దొరకకపోతే ఎవరైనా పన్ను పీకొచ్చు, మత్తు మాత్రం ఇవ్వకూడదు! మత్తు వికటిస్తే ప్రాణానికే ముప్పు కాబట్టి ఆ షరతు. నొప్పి సంగతి చట్టం పట్టించుకోలేదు. ఇక శిక్ష అంటారా, మొదటిసారి దొరికితే 500 రూపాయల దాకా జరిమానా. మళ్లీ దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1948లో అది పెద్ద మొత్తమే. తర్వాత రూపాయి విలువ ఎంత పడిపోయినా ఆ చట్టంలో ఆ అంకె కదల్లేదు. ఇప్పుడు చాలాచోట్ల ఒక్క పన్ను పీకించుకున్నా అంతకంటే ఎక్కువే అవుతుంది. నకిలీలకు భయం లేకపోవడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే.

ఈలోగా కౌన్సిల్ దృష్టి కాలేజీల మీదకు మళ్లింది. ప్రైవేటు డెంటల్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేవడంతో, కొత్త కాలేజీకి కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 1993లో చట్టాన్ని సవరించారు. తర్వాత కూడా కాలేజీలు పెరుగుతూనే పోయాయి. బీడీఎస్ (దంతవైద్య డిగ్రీ) పట్టాలు ఇబ్బడిముబ్బడిగా వచ్చాయి కానీ, ఆ డాక్టర్లు ఎక్కువగా నగరాల్లోనే బోర్డులు పెట్టారు. పల్లెల్లో పాత ఖాళీ అలాగే ఉండిపోయింది.

2023 ఆగస్టులో పాత చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. ఎన్నికైన సభ్యులున్న కౌన్సిల్ బదులు నియమితుల కమిషన్, దాని కింద మూడు బోర్డులు. బీడీఎస్ చివర్లో దేశమంతటికీ ఒకే ఎగ్జిట్ పరీక్ష. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్ల ఫీజులకు మార్గదర్శకాలు. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేయడం ఇందులోనూ నేరమే. కానీ విద్యార్థుల టెన్షన్, కాలేజీల బేరాలు అన్నీ పరీక్ష చుట్టూ, ఫీజుల చుట్టూ తిరుగుతున్నాయి. డిగ్రీ లేనివాళ్ల గురించిన మాట, 1948లో అసలు తగువు అదే అయినా, ఇప్పుడు పెద్దగా వినిపించడం లేదు.