ఐరోపా రాజకుటుంబాల తల్లీబిడ్డల చిత్రాలు: అపోహలు - వాస్తవాలు

చిత్రకళా చరిత్ర తరగతుల్లో ఈ మాటలు నాకు తరచూ వినిపిస్తుంటాయి.

అపోహ: ఇవి ఇంట్లో గుర్తుగా ఉంచుకోవడానికి వేయించుకున్న చిత్రాలు.

వాస్తవం: రాజకుటుంబాల చిత్రాలు చాలావరకు నలుగురూ చూసి, ఏదో ఒకటి నమ్మాలని వేయించినవి. 1787లో ఎలిజబెత్ విజే లెబ్రన్ చిత్రించిన ఫ్రాన్స్ రాణి మరీ ఆంటొనెట్, ఆమె పిల్లల చిత్రమే చూడండి. 1785లో బయటపడిన వజ్రాల హారం కుంభకోణంలో (రాణి పేరు వాడుకుని మోసగాళ్లు ఖరీదైన హారం కాజేసిన వ్యవహారంలో) రాణి తప్పేమీ లేకపోయినా ఆమె పేరు దారుణంగా చెడిపోయింది. దుబారా మనిషన్న ముద్ర చెరిపి, దేశానికి వారసులనిచ్చిన తల్లిగా ఆమెను నిలబెట్టాలని ఈ చిత్రం వేయించారు. అందుకే ఆమె మెడలో హారం కనిపించదు. చిన్న కొడుకు ఒడిలో ఉన్నాడు, కూతురు తల్లిని ఆనుకుని నిలబడింది, పెద్ద కొడుకు ఖాళీ ఊయలను చూపిస్తున్నాడు. అందులో ఉండవలసిన పాప సోఫీ ఏడాదైనా నిండకుండా ఆ జూన్‌లోనే చనిపోయింది. ప్రచారానికి వేసిన చిత్రంలో నిజమైన దుఃఖం ఉండదనే వాళ్లకు నేను ఈ ఊయలనే చూపిస్తాను. 1789లో పెద్ద కొడుకు కూడా పోయాక, ఆ చిత్రం ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ ఏడుపు ఆగడం లేదని రాణి దాన్ని అక్కడినుంచి తీయించిందట. విజే లెబ్రన్ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసింది.

అపోహ: గౌను తొడుక్కుంటే ఆడపిల్లే.

వాస్తవం: ఐదారేళ్లు వచ్చేదాకా మగపిల్లలకూ గౌన్లే. 1635లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ పిల్లలు ముగ్గురినీ వాన్ డైక్ చిత్రించాడు. ఇప్పుడు ట్యూరిన్‌లో ఉన్న ఆ చిత్రంలో యువరాజు చార్లెస్ గౌనులో ఉన్నాడు. అదే ఏడాది వేసిన మరో చిత్రంలో పంట్లాం తొడుక్కున్నాడు. అప్పటికి అతనికి ఐదేళ్లు. మగపిల్లవాడికి పంట్లాం తొడగడమంటే దాదుల పెంపకం ముగిసి, గురువుల శిక్షణ మొదలవుతుందని అర్థం. ఏ దుస్తుల్లో చూపించాలన్నది ఆ ఇంట్లో చిన్న విషయం కాదు.

అపోహ: దొరసానులు బిడ్డలను దగ్గరికే తీసేవారు కాదు.

వాస్తవం: ఎక్కువమంది పాలివ్వడానికి దాదులను పెట్టుకున్న మాట నిజమే. కానీ ఇంగ్లండ్‌లో డెవన్‌షైర్ డచెస్ జార్జియానా తన కూతురికి తానే పాలిచ్చింది. రేనాల్డ్స్ వేసిన చిత్రంలో పాప రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తుంటే, తల్లి కూడా చేయెత్తి ఆడిస్తుంది. ఆ కాలపు చిత్రాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఇక ఫ్లోరెన్స్ డచెస్ ఎలియొనోరా సంగతి. 1545 ప్రాంతంలో బ్రాంజినో ఆమెను కొడుకు జొవాన్నీతో కలిపి చిత్రించాడు. ఆ చిత్రంలోని నలుపు, బంగారు జరీ దుస్తుల్లోనే ఆమెను ఖననం చేశారనే కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. 1857లో సమాధి తెరిచినప్పుడు దొరికిన దుస్తులు వేరు. వాటిని శుభ్రపరిచి, ఫ్లోరెన్స్‌లోని పిట్టీ భవనంలో భద్రపరిచారు.