ప్రవచనం, విశ్వాసం, చదువు: అపోహలు - వాస్తవాలు

మతగ్రంథాలను తరగతిలో చదివించడం నా వృత్తి. బైబిల్లోని ప్రవక్తల పుస్తకాలు మొదలుపెట్టగానే ఏ ఏటి విద్యార్థులైనా ముందుగా అడిగేది ఒక్కటే: "ఇందులో చెప్పినవి జరిగాయా?" అడగాల్సిన ప్రశ్నే. కానీ అక్కడే ఆగిపోతే అసలు సంగతి చేజారిపోతుంది.

అపోహ: ప్రవచనమంటే జోస్యం.

ఆ పుస్తకాల్లో ఒకటైన ఆమోసు గ్రంథం తీసుకోండి. ఆమోసు క్రీ.పూ. 8వ శతాబ్దపు మనిషి. గొర్రెలు కాసుకుంటూ, మేడిపండ్లు ఏరుకుంటూ బతికినవాడు. తాను ప్రవక్తనూ కాదు, ప్రవక్త కొడుకునూ కాదని తెగేసి చెప్పాడు. అతని కోపమంతా కళ్లెదుట జరుగుతున్నవాటి మీదే: దొంగ త్రాసులు, తాలు గింజలు అంటగట్టడం, చెప్పుల జత పాటి అప్పుకు పేదవాణ్ణి కొనేయడం. రాబోయే శిక్ష గురించీ చెప్పాడు. అయితే ఆ హెచ్చరిక ఈ అన్యాయాల మీదుగానే వస్తుంది.

అపోహ: చెప్పింది జరగకపోతే ప్రవచనం విఫలమైనట్టే.

దీనికి గ్రంథాధారం లేకపోలేదు. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ఈ కొలబద్దే ఇస్తుంది. కానీ అదే బైబిల్లో యోనా అనే ప్రవక్త కథా ఉంది. నలభై రోజుల్లో నీనెవె నగరం నాశనమవుతుందని చాటాడు. రాజు సింహాసనం దిగి పశ్చాత్తాపంతో బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా గోనెపట్ట కప్పమని ఆజ్ఞ వెళ్లింది. ఊరు బతికిపోయింది. అందుకు యోనాకు పట్టరాని కోపమొచ్చింది! తన మాట నెరవేరలేదనే కోపమా, శత్రువుల ఊరు బతికిందనే కోపమా అని తరగతిలో వాదన మొదలైతే గంట కొట్టినా ఎవరూ కదలరు. యూదులు ఈ పుస్తకాన్ని యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం, పశ్చాత్తాప దినాన చదువుతారు. మనుషులు మారితే శిక్ష తప్పుతుందన్న నమ్మకానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

అపోహ: రచనాకాలం తేలితే విశ్వాసం కూలిపోతుంది.

బైబిల్లోని దానియేలు గ్రంథం ప్రస్తుత రూపం, అందులోని కథా కాలానికి చాలా తర్వాత, క్రీ.పూ. 160ల నాటిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అంటే గ్రీకు రాజు నాలుగో అంతియొకస్ యూదులను హింసించిన రోజులు. అది తెలిశాక ఆ పుస్తకం ఎవరికి ధైర్యం చెబుతోందో అర్థమవుతుంది. నమ్మాలా వద్దా అన్నది వేరే ప్రశ్న.

అపోహ: తర్కం తెలిసినవాళ్లు ప్రవచనాన్ని పట్టించుకోరు.

10వ శతాబ్దంలో ముస్లిం తత్వవేత్త అల్-ఫరాబీ, 12వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మైమోనిడిస్ ప్రవక్త బుద్ధి, ఊహాశక్తి ఎలా పనిచేస్తాయో తర్కంతోనే వివరించారు. 1670లో డచ్ తత్వవేత్త స్పినోజా వాళ్లతో విభేదించాడు. ప్రవక్తలది గొప్ప ఊహాశక్తే తప్ప గొప్ప తత్వజ్ఞానం కాదన్నాడు. అయినా వాళ్ల నీతిబోధను తీసిపారేయలేదు.

అపోహ: మతం గురించి పాఠం చెబితే అది ప్రచారమే.

అమెరికా సుప్రీంకోర్టు 1963లో ప్రభుత్వ బడుల్లో ఆరాధనగా బైబిలు చదవడాన్ని కొట్టేసింది. సాహిత్యంగా, చరిత్రగా అధ్యయనం చేయవచ్చని అదే తీర్పులో చెప్పింది. ఉపన్యాస వేదిక ప్రవక్తలకు చోటు కాదని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1917లో మ్యూనిక్ విద్యార్థులకు చెప్పిన మాటను నేనూ పాటిస్తాను. అలాగని "నా బతుక్కి అర్థమేమిటి?" అని అడిగే పిల్లల నోరు మూయించడం నిష్పాక్షికత కాదు. తాను చేసే పనికి అంతిమంగా ఏ అర్థముందో ఎవరికి వారు తేల్చుకునేలా గురువు సాయపడగలడని వెబరే అన్నాడు.

అందుకే నా తరగతిలో విశ్వాసి సంశయవాది పక్షాన, సంశయవాది విశ్వాసి పక్షాన మాట్లాడాలి. అవతలివాళ్లు "అవును, మేమనేది ఇదే" అని ఒప్పుకున్నాకే సొంత వాదన మొదలుపెట్టాలి.