దానమిచ్చిన స్థలానికి విలువ కడితే పన్ను తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఆడిటర్‌గా ఉన్నాను. రిటర్నుల సీజన్ మొదలైతే ఈ ప్రశ్న తప్పదు: “సార్, మా స్థలం ట్రస్టుకి రాసిచ్చాం. 80జీలో దాని విలువ ఎంత చూపించాలి?” 80జీ అంటే విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్.

అపోహ: వాల్యుయర్ (ఆస్తికి విలువ కట్టే నిపుణుడు) రిపోర్టు ఉంటే స్థలానికీ బంగారానికీ మినహాయింపు వస్తుంది.

రాదు. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ డబ్బుగా ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. అమ్మమ్మ కాసులపేరు తూకం వేయించి, రాళ్ల బరువు తీసేసి, మిగిలిన బంగారానికి ఆనాటి రేటు కట్టించినా, కరకంబాడి రోడ్డులో అంకణం (మా వైపు స్థలం కొలత) ఇంతని లెక్క రాయించినా, రిటర్నులో ఆ అంకెకు చోటు లేదు. అన్నదానానికి ఇచ్చిన బియ్యం బస్తాలూ అంతే. నగదైతే 2,000 రూపాయలు దాటితే చెల్లదు, చెక్కో యూపీఐయో వాడండి. హుండీలో వేసినదానికి రసీదే ఉండదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు 80జీ లేనే లేదు.

కేవలం దీనికోసమే డబ్బు పోసి రిపోర్టు చేయించుకుని వచ్చే పెద్దవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ముందే ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

అపోహ: అమ్మి డబ్బు ఇచ్చేస్తే పన్నంతా పోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చాలాకాలంగా ఉన్న స్థలం అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద పన్ను పడుతుంది, ఆ లాభంలోంచి 80జీ తగ్గించుకోవడం కుదరదు. మిగతా ఆదాయంలో తగ్గించుకుందామన్నా, మామూలు ట్రస్టులకు పరిమితి ఉంది. ఆ ఆదాయం 12 లక్షలైతే అందులో పది శాతం, అంటే 1,20,000 వరకే లెక్కలోకి వస్తుంది. మినహాయింపు అందులో సగం, 60,000. మీరు ముప్పై లక్షలిచ్చినా అంతే. అదే స్థలాన్ని గిఫ్ట్ డీడ్‌తో రాసిచ్చేస్తే మినహాయింపు రాకపోయినా, లాభం మీద పన్నూ పడదు. స్థలమే ఇవ్వాలని మనసులో ఉంటే స్థలమే ఇవ్వమంటాను.

అపోహ: ఇక్కడ ఇచ్చిన స్థలాన్ని అమెరికాలో ఉన్న అబ్బాయి తన రిటర్నులో చూపించుకోవచ్చు.

అక్కడ వస్తువులకూ మినహాయింపు ఉన్నమాట నిజం. 5,000 డాలర్లు దాటితే మామూలుగా అర్హత ఉన్న అప్రైజర్‌తో విలువ కట్టించి, అలాంటి దానాల వివరాలు రాసే ఫారం 8283ని రిటర్నుకు జతచేయాలి. దానానికి 60 రోజుల కంటే ముందు కట్టిన విలువ చెల్లదు. అయితే తీసుకునే సంస్థ అమెరికా చట్టం కింద ఏర్పడిందై ఉండాలి. చంద్రగిరిలో ట్రస్టుకు నేరుగా రాసిచ్చిన స్థలాన్ని అక్కడి రిటర్నులో చూపించకూడదు.